నీలం సుద్ద

నెవాడాలో, బడి వ్యాయామశాలలో విచారణ.
బాస్కెట్‌బాల్ బుట్ట కింద అధికారి.
మనిషికి మూడు నిమిషాలు.

ఆరిన్ గబ్లర్ కాగితాలేవీ తేలేదు,
ఉక్కు టేపు తెచ్చాడు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి మార్చిలో
దాని కొసకు నీలం సుద్ద పూసి
బావుల్లోకి వదిలేది అతనే.
తడిసినంత మేర రంగు మారుతుంది.
నీళ్లు ఇచ్చే సాక్ష్యం అంతే.

"కొండకి ఇటు తొంభై అడుగులు,
అటు రెండొందల పది.
చట్టం గీత గీసింది కొండ మీద.
అడుగున రాతికి ఆ సంగతి తెలుసో లేదో
నేనైతే అడగలేదు."

మూడో వరుసలో మైటె ఎలోర్డి.
నీళ్లడుగుతున్నది నగరం కాదు, ఈమె.
అవతలి లోయలో గొర్రెలకి
ట్యాంకర్‌తో నీళ్లు తోలుతున్న మనిషి.
పోయిన చలికాలం ఇతని ట్రక్కు మంచులో దిగబడితే
గొలుసు కట్టి లాగిందీ ఈమే.

"ఇమ్మంటారా, వద్దంటారా?"

ఆరిన్ టేపు చుట్టుకోవడానికే
నిమిషం పట్టింది.
"ఇవ్వండి.
నూరడుగుల దగ్గర సుద్ద తడవని నాడు
గొట్టం మూసేయాలని రాయండి.
తాళంచెవి నాకొద్దు,
ఆమె దగ్గరుంచండి."

అప్పుడు తలెత్తింది మైటె.