రిమార్కుల గడి

చందంపేట దాటినంక, గుట్ట మలుపుల
సబ్‌స్టేషన్ తనిఖీకి పోయిన, మార్చి ఆఖర్ల.
ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మంటున్నది. కంకర మీద ఎండ.
ఆపరేటర్ రమావత్ పంత్లు కుర్చీ తుడిచి
లాగ్‌బుక్ నా ముందర వెట్టి
తను మాత్రం నిలబడ్డడు.

టైము, వోల్టేజి, ఆంపియర్లు. నాకు కావాల్సినవి ఇవి.
ఆఖర్న రెండు వేళ్ల వెడల్పు గడి, రిమార్కులు.
అక్కడ నార్మల్ అని రాస్తే చాలు,
నేను తిరిగే స్టేషన్లల్ల అందరు అదే రాస్తరు.
పంత్లు గూడ అదే రాసిండు, నలభై పేజీలు.
తర్వాత ఒక రాత్రి:

"2.10. తెల్దేవరపల్లి ఫీడరు ట్రిప్పు. కారనం గాలి.
గాలికి కారనం రాయడానికి కాలం లేదు."

కాలమ్ అనబోయి కాలం అన్నడా,
కాలమే అన్నడా?
ఎర్రపెన్ను మూత తీసి రెండు కారణాలు దిద్దిన.
మూడో తప్పు దొరకలేదు, వాక్యం దొరికింది.

అన్నీ ఇట్లనే ఉన్నయనుకునేరు.
జనవరి ఒకటిన "ప్రేమ సముద్రం వంటిది" అని ఉన్నది,
ఈయన చూసిన పెద్దనీళ్లు డిండి కాడ ఆగినవే.
దోస్తు బండి కొన్న తారీకు, కోడికూరల పడ్డ ఉప్పు,
ఎవరి మీదనో వారం రోజుల అలుక,
ఎక్కడనో విన్న నీతులు, వరుసగా పదకొండు.
పల్లికాయ ఒలిచినట్టు ఒలుచుకుంట పోయిన,
మూడింట్ల రెండు లొట్టవే.

మూడోది:

"లోడు 118. బోర్లన్ని ఒక్కపారే తాగుతున్నయి."

"బస్‌బారు మీద ఉడుత. తోక మిగిలింది.
తోకను ఏ గడిల రాయాలె."

"పది నిమషాలు తీసిన. ఏడూర్ల చీకటి
నా చెయ్యిల ఉన్నది. మల్ల ఇచ్చిన."

"అంజిలయ్యకు లైన్ క్లియర్ ఇచ్చిన. స్తంబం ఎక్కిండు.
ధిగేదాక నేను నీళ్లు తాగలే."

స్తంభం కాడ విడిచిన ఒత్తును
తెచ్చి దిగుడుకు తగిలిచ్చిండు.
అంత బరువుగనే దిగిండేమో అంజిలయ్య.
పెన్ను మూత పెట్టిన.

నల్లగొండల ఇంటర్ చదివేటప్పుడు
విద్యుత్తు, మానవ ప్రగతి మీద వ్యాసం రాసి
ఫస్టు ప్రైజు కొట్టిన, స్టీలు టిఫిన్ డబ్బ.
అందుల ఒక్క అక్షరదోషం లేదు.
కరెంటు పోయిన ఇల్లు గూడ ఒక్కటి లేదు.
డబ్బ ఇంకా ఉన్నది, పోపుగింజలు పోసుకున్న.

"తండల మా మాట మాట్లాడి, బడిల తెలుగు నేర్చిన మేడం.
ఒత్తులు ఎవరింటివి ఎవరికియ్యాల్నో యాదికుండదు."
ఎందుకు రాస్తవు మరి?
"రాత్రి డ్యూటీ. నిద్ర రావొద్దని."
ఎవరు చదువుతరు?
సగం సిగ్గుతో నన్ను చూసిండు,
సగం పేజీ అయిపోవచ్చిందని పేజీని చూసిండు.

రికార్డులల్ల అనవసర వ్యాఖ్యలు కూడదని
మెమో ఒకటి నా బ్యాగుల ఉన్నది,
నేనే తయారు చేసింది, కామాలతో సహా.
తీయలే. అట్లని చింపనూ లేదు.

సంతకం పెట్టి, ఎప్పటి లెక్కనే రాసిన:
తనిఖీ చేయడమైనది.
ఎవరు చేసిన్రో తెల్వని వాక్యం.
ఇరవై ఏండ్ల సంది నేను రాస్తున్న వాక్యం.

సిరా ఆరకముందే బ్రేకర్ టప్పుమన్నది.
పంత్లు ప్యానెల్ దిక్కు ఉరికిండు,
"మేడం, జర టైము ఎక్కియ్యిండ్రి!"

3.15 అని వేసిన.
ఫీడరు పేరు వేసిన.
కారణం కాడికి వచ్చిన.
బయట గాలి లేదు.