రెండో పేరు

పట్టికలో పదిహేడో బోరు:
కనిగిరి అవతల, మాలకొండయ్య చేలో.
ఫ్లోరైడ్ నాలుగు పాయింట్ రెండు.

పోయి చూశాను.
కంది మోళ్లు, కట్టేసిన మేక.
"మూడు తడవలు ఏయించా.
చుక్క పడలా,"
గోధుమరంగు చారల పళ్లతో నవ్వాడు.

వ్యాసంలో రెండో పేరు నాది.
సార్ ఫోనులో: "ఒక్క బోరేగమ్మా,
సగటులో కలిసిపోద్ది."
దానికి ముందు పదహారు, తర్వాత ఇరవై ఆరు.
ఎన్నింట్లో నీళ్లున్నాయో
అడగలేకపోయాను.

పొదిలి దాటాక బస్సులో
సంపాదకుడికి ఉత్తరం మొదలుపెట్టాను.
"పొరపాటు జరిగింది." కొట్టేశాను.
"కల్పించారు." అదీ కొట్టేశాను.
"కల్పించాం."
ఆ చివరి సున్నలో నేనూ ఉన్నాను.

చీమకుర్తి దుమ్ములో, పంపేశాక, గొంతారిపోయింది.
పక్కనున్నామె సీసా అందించింది.
ఏ బోరు నీళ్లో
అడగబోయి, తాగేశాను.