ప్రాణం పోకడ

వాన రాకడ, ప్రాణం పోకడ
ఎవరికీ తెలియవంటారు మన భాషలో.
చిలోయే దీవిలో వాన రాకడ
కోళ్ళకు కూడా తెలుసు.
తెలియనిది రెండోదే.
కాస్త్రో ఊళ్ళో, చేపల రేవు వెనక
రేకుల కప్పు కింద
యస్నా బార్రియా జీతం తీసుకునేది దానికే.
ఒక పొర ఏ రోజు చావాలో
ముందే చెప్పడానికి.

బంగాళాదుంప గంజి, ఎర్ర నాచు జిగురు,
చెంచాడు గ్లిజరిన్.
గరిటె తిప్పగా తిప్పగా
గంజి తెలుపు వదిలి గాజవుతుంది.
పళ్ళెంలో పోసి ఆరబెట్టి
తెల్లారి అంచు పట్టుకు ఒలిస్తే
ఉల్లిపొరలా లేస్తుంది,
చివర్న చిన్న చప్పుడుతో.
ఆ చప్పుడంటే ఆమెకు ఇష్టం.
నివేదికల్లో మాత్రం రాయదు.

ముప్పై ఒకటోది పడవ దిగేలోపే కరిగి
పొగబెట్టిన చేపకు జిగురులా అంటుకుంది.
నలభై నాలుగుకు బూజు.
నలభై ఏడు, చలికి పెళుసెక్కి
అప్పడంలా విరిగింది.
యాభై రెండోదాన్ని పరీక్షకని పాతిపెడితే
ఎర్మెలిందా గెంతెయో కోళ్ళు
తవ్వుకుని తినేశాయి.
"గెలుపు కింద రాసుకో" అంది ఎర్మెలిందా.
ఏ గడిలో రాయాలో యస్నాకు తోచలేదు.

ఎర్మెలిందా పెరట్లో, వెల్లుల్లి మడి పక్కన
వరసగా పుల్లలు.
ఒక్కోదానికీ ఓ నంబరు, ఓ తేదీ.
బుధవారం బుధవారం
ఇద్దరూ పార పట్టుకుని తవ్వుతారు.
ఈ దేశంలో ఎముకల కోసం తవ్వినవాళ్ళున్నారు,
ఏదో ఒకటి దొరకాలని.
వీళ్ళు
ఏమీ దొరక్కూడదని తవ్వుతారు.

అరవై మూడోది వచ్చినప్పుడు
ప్రయోగశాలలో కేకు కోశారు.
పదకొండు రోజులు చేప చెడలేదు.
నూనె పట్టలేదు, వాన పట్టలేదు.
సాంతియాగో నుంచి కంపెనీ మనిషి
రెండుసార్లు ఫోన్ చేశాడు.
పద్నాలుగు వారాలు పోయాక పుల్ల కింద తవ్వి
మట్టి దులిపితే, మెరిసింది
మొన్న పెట్టినట్టు.
దాని మీద యస్నా చేతిరాత కూడా
చెక్కుచెదరలేదు.

"అరవై డిగ్రీల వేడిలో అయితే కుళ్ళుతుంది."
"ఈ దీవిలో అంత వేడెక్కడిది?"
"అవతల పెద్ద ఊళ్ళో, ఎరువుల ఫ్యాక్టరీలో..."
"అక్కడిదాకా ఎవరు మోస్తారు?"
యస్నా నీళ్ళు నమిలింది.
ఎర్మెలిందా మళ్ళీ అడగలేదు.
కోళ్ళకు నీళ్ళు పోయడానికి వంగింది.
ఆ తొట్టి వాళ్ళ నాన్న వలకు కట్టిన ప్లాస్టిక్ తేలుడు బుడ్డి,
సగానికి కోసింది.
ఆయన పోయాడు. ఆయన చెక్కిన తెడ్డు
గోడవారన చీకి పొడైంది.
బుడ్డి నారింజ రంగు కూడా వెలవలేదు.
"మంచి తొట్టే" అంది,
ఎవరిమీదో నేరం మోపుతున్నట్టు.

యాభై ఎనిమిదోది నాలుగు రోజులు ఆగుతుంది.
ఐదో రోజు అంచులు మెత్తబడి
చేతులెత్తేస్తుంది.
మట్టిలో ఆరు వారాలు, అంతే.
కంపెనీకి పది రోజులు కావాలి.
ఆ రాత్రి యస్నా ఉత్తరంలో
అరవై మూడు అని కొట్టి, చెరిపింది.
యాభై ఎనిమిది అని కొట్టి
టీ పెట్టుకోవడానికి లేచింది.
టీ చల్లారింది.
పంపింది.
జవాబు ఇంకా రాలేదు.

శనివారం దాల్కావే సంతలో
ఎర్మెలిందా వేడి వేడి మిల్కావోలు,
అవీ బంగాళాదుంప రొట్టెలే,
యాభై ఎనిమిదిలో చుట్టి అమ్మింది.
దుంపకు దుంప చొక్కా.
ఒక పిల్లాడు రొట్టె తిని
పొరకంటిన నూనె నాకి,
చూస్తుండగానే
పొర కూడా నోట్లో పెట్టుకున్నాడు.
వాళ్ళమ్మ అరిచేలోపు మింగేశాడు.
"ఎలా ఉంది?" వంగి అడిగింది యస్నా.
కాసేపు ఆలోచించాడు.
"ఏమీ లేదు."

జేబులో కాగితం వెతికింది.
అప్పటికే వాన మొదలై
సిరా నిలవలేదు.