ఎనభై ఒకటో కారు

ఘాటు రోడ్డు దిగగానే గొలుసు.
గొలుసు పక్కన ప్లాస్టిక్ కుర్చీ, అందులో నేను,
తెడ్డు నూకరత్నాన్ని.
ఒళ్లో రేకు డబ్బా, డబ్బాలో ఎనభై బిళ్లలు.

బిళ్లంటే ఏటో అనుకునేరు,
విరిగిన తెప్ప చెక్కని మా మరిది ముక్కలు కోసి
అంకెలు కాల్చిచ్చినవి.
కారు లోపలికెళ్తే బిళ్ల ఎళ్తాది,
కారు బయటికొస్తే బిళ్లొస్తాది.
ఒడ్డు మోసే బరువెంతో
ఈ డబ్బాకి తెలుసు.

మొదట్లో లెక్కే లేదు.
ఆదివారం పొద్దుగూకేసరికి
ఇసక నిండా సీసా పెంకులు, కేకు అట్టలు.
అలివి వల లాగితే
చేపలకన్నా ముందు చెప్పులొచ్చేవి.
మా అత్త అరికాల్లో గాజుముక్క
నెల్లాళ్లు కాపురముంది.
ఆ నెలే పేటంతా కూకుని గొలుసు కొన్నాం.

ఇప్పుడు సావిడి గోడ మీద సుద్దముక్కతో రాస్తాం:
ఊడ్చే ఆరుగురికింత,
మరుగుదొడ్డి నీళ్లకింత,
మిగిలింది వేట నిషేధానికి.
పడవలు బోర్లా పడుకునే ఆ రెండు నెలలూ
ఇంటికో బియ్యం బస్తా.
చదువు రానోళ్లు కూడా ఆ గోడ ముందు ఆగుతారు.
ఒకడి చేత చదివిస్తారు,
నమ్మకం లేక ఇంకోడి చేత.

నిన్న మూడున్నరకే డబ్బా ఖాళీ.
అప్పుడొచ్చింది ఎనభై ఒకటోది.
నల్లద్దం దిగింది.
ఎవరి తాలూకానో చెప్పాడు,
పేరు విన్నాను, సముద్రంలో పడేశాను.
ఐదొందలన్నాడు. రెండు వేలన్నాడు.
బిళ్ల లేదు బాబూ, ఒకరు వచ్చేదాకా ఆగండి.
"సముద్రం నీదేటే?"
కాదు బాబూ,
నాదైతే రానిచ్చేదాన్నే.

వెనక సీట్లో ఓ గుంట,
చేతిలో ఎర్ర బకెట్టు, కొత్తది, ఇంకా ధర చీటీ ఉంది.
నాకేసి చూసింది.
గొలుసు మీద చెయ్యేశాను కూడా.
ఈలోగా కారు వెనక్కి తిరిగిపోయింది.
మరో పావుగంటకి పన్నెండో నంబరు బిళ్ల వచ్చింది,
తడిగా, ఇసకతో.

"రెండు వేలే అమ్మా" అన్నాడు నా కొడుకు అన్నం దగ్గర,
"వల బాగుపడేది."
నిజమే. జవాబు లేదు నా దగ్గర.
చేప ముల్లు తీస్తూ కూకున్నాను.

రాత్రి మళ్లీ లెక్కపెట్టాను. ఎనభై.
లైట్లు ఆర్పేసి ఒడ్డు దాకా నడిచాను.
అలలోంచి ఒక నల్లటి బరువు
ఈడ్చుకుంటా ఈడ్చుకుంటా పైకొస్తంది,
ఆగి, ఊపిరి తీసి, మళ్లీ.
తాబేలు.
వెనక కాళ్లతో ఇసక తవ్వడం మొదలెట్టింది.

దాన్ని బిళ్ల అడగలేదు.
చీకట్లో, చప్పుడు చెయ్యకుండా,
కుర్చీ కాస్త దూరం జరుపుకున్నాను.