పదహారు తెలుపులు

ముప్పై ఏళ్ళు కుయోపియో ఊళ్ళో
ఎవరెవరికో కట్టుడుపళ్ళు చేశాను.
పింఛను మొదలయ్యాక
ఆ పనిముట్లే ముందేసుకుని
తార్మో కుర్రతనంలో నడిపిన సైన్యపు బండిని
ముప్పై అయిదో వంతుకి కుదించి కడుతున్నాను.
ఆయన చేతులు వణుకుతాయి.
అందుకని జ్ఞాపకం ఆయనది, పట్టకారు నాది.

డబ్బా తెరిస్తే
తిని పారేసిన చేపముళ్ళలా ప్లాస్టిక్ చట్రాలు,
ప్రతి ముల్లుకీ ఒక అంకె.
ఆరు చక్రాలు, ఆవగింజల్లాంటి బోల్టులు,
ఏరు దాటడానికి వెనక బుల్లి పంకా.
("ఎప్పుడూ ఈదలేదు, అక్కడ నీళ్ళేవీ?")

కంపెనీవాడిచ్చిన చేతిపిడులు మరీ లావు.
వంకరపళ్ళకి బిగించే తీగ తెంపి
నా పిడులు నేనే వంచాను.
"ఎడమవైపుది ఇంకాస్త కిందికి.
హోల్మా ప్రతిసారీ దాన్నే పట్టుకు వేలాడేవాడు,
దున్నపోతంత మనిషి" అని నవ్వుతాడు.
ఏ మూల నీళ్ళ డబ్బా కట్టారో,
ఏ మర ఊడితే మేకు కొట్టి సరిపెట్టారో
పూస గుచ్చినట్టు చెబుతాడు.
నిన్న రాత్రి ఏం తిన్నామంటే మాత్రం
దిక్కులు చూస్తాడు.

టీ పొట్లాల కాయితంతో లోపలి సీట్లు చేశాను.
మిగిలిన పళ్ళ పింగాణీతో
గోరులో సగం లేని కాఫీ కెటిల్.
"పైకప్పు అతికించేశాక
ఇదంతా ఎవరికి కనపడుతుంది?"
పంటి లోపలి నరం ఎవరికి కనపడుతుంది,
పోటు పెడితే కదా.

రంగు దగ్గర పేచీ వచ్చింది.
సీసా మీద తెలుపు అని రాసుంది, అంతే.
తెలుపు ఒక్కటే అనుకునేవాళ్ళు
నా సొరుగు చూడాలి:
పదహారు పళ్ళ నమూనాలు, పదహారూ తెలుపే.
బల్ల మీద వరసగా పరిచాను.
కిటికీ అవతల మంచు పదిహేడోది.
ఆయన ఒక్కొక్కటే కంటి దగ్గర పెట్టుకుని
చివరికి చుట్టలు కాల్చేవాడి కోరపన్ను తీశాడు.
"ఇదీ. పొద్దున కడిగితే
మధ్యాహ్నానికి ఈ రంగుకి దిగేది."
దక్షిణ లెబనాన్ దుమ్ము
మా వంటింటి బల్ల మీద అలా తేలింది.

ఉన్నది ఒక్కటే ఫోటో.
బండి ముందు మూల ఒక సొట్ట,
దాని మీద అరచెయ్యి ఆనించి
ఇరవై ఆరేళ్ళ తార్మో.
చెయ్యి చిన్నది, సొట్ట పెద్దది.
ఇదెలా పడిందని
పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను,
మొన్న ఇంకోసారి.
అప్పుడూ ఇప్పుడూ
కుక్కని తిప్పుకొస్తానని లేచాడు.
మధ్యలో గడిచినదంతా పంటి బిగువునే గడిచింది.
ఆయన పళ్ళు అరిగిపోవడం నేను చూశాను,
రాత్రిళ్ళు కొరుకుతాడు.

ఈ సాయంత్రం
ఆ మూల ప్లాస్టిక్‌ని లోపలినుంచి అరగదీసి
కొవ్వొత్తి సెగకి పట్టాను.
"ఎటునుంచి నొక్కను?"
జవాబు లేదు.
బండిని నా చేతిలోంచి తీసుకున్నాడు.
వణుకు ఆగలేదు,
వణుకుతూనే బొటనవేలు ఆనించి నొక్కాడు.

"గోడ" అన్నాడు.
చాలాసేపటికి,
"నిమ్మతోట గోడ.
రోజూ ఓ కుర్రాడు దానిమీద కూర్చుని
మాకు చెయ్యి ఊపేవాడు."

ఆ రోజూ కూర్చున్నాడా
అని నేను అడగలేదు.
ఆయన కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళాడు,
పొడి వెయ్యడం మరిచి ఉత్తి నీళ్ళు కాచాడు.

దీపం దగ్గర చూస్తే
సొట్టలో వేలిముద్ర పడి ఉంది, గీత గీతగా.
పద్ధతి ప్రకారం గరుకు కాయితం పెట్టి
నున్నగా రుద్దేయాలి.
బండి మొత్తం మీద
అదొక్కటే అసలు కొలతలో ఉంది.

కుక్క వెంట్రుకలు పడకుండా
పైన సూపు గిన్నె బోర్లించాను.
రంగు రేపు.