పతకం తూకం

ప్రొద్దుటూరు బంగారంగళ్ళ వీధిలో
జనం పల్చబడిన ఎండపూట
ఓబుళమ్మ కొంగుముడి విప్పింది.
"మా తాత బిరుదు.
కరిగిస్తే ఎంతొస్తాది, మౌనాచారీ?"

కిరీటం పెట్టిన రాజు తల,
కింద రావు బహద్దూర్,
చెమట మరకతో రిబ్బను.
గీటురాయి మీద గీసినా.
పైన పూత, లోపల వెండి.

మా జేజి చెప్పేది:
వెనకటి రాజులు మొనగాని ఎడమకాలికి
గండపెండేరం తొడిగేవాళ్ళంట,
తొడిగేటప్పుడు రాజే వంగాల.
కడప కచేరీలో దొర వంగలేదు,
పొట్టివాడు కూడా కాదంట.
తాతే వంగినాడు.

"ఎందుకిచ్చినారమ్మా?"
"కరువులో గంజి పోసినాడని.
కాచింది మా అవ్వ.
మోచేతి మీద బొబ్బల మచ్చ
సచ్చేదాకా పోలా.
దానికెవరూ రిబ్బను కట్టలా."

తక్కెట్లో వేసినా.
ముల్లు శానాసేపు ఊగింది.
రెండు తులాలకు రవంత తక్కువ.

పక్కన బల్లమీద మునిమనవరాలు
కాళ్ళూపుకుంటా సోడా తాగుతాంది.
"దీనికి కడియాలైతాయా?"
"ఒక కాలికే అవుతాది."
"ఒకటే చెయ్యి."

కొలతకు దారం తీసుకుని
ఆ దుమ్ము పాదం దగ్గర వంగినా.
చక్కిలిగిలికి పిల్ల కాలు లాక్కుంది.

రిబ్బను సంగతి ఆమె అడగలేదు.
నేనూ ఎత్తలేదు.