వరుస

క్లాక్స్‌వీక్ రేవు మీద పొద్దున్నుంచీ వాన.
మ్యూజియం మేడమీద, హీటరు పక్కన,
నాలుగొందల పన్నెండు అట్టకార్డులు.
హానుస్ ముసలాయన ఒక్క వేలితో, రెండు చలికాలాలు
టైపు కొట్టి నా చేతికిచ్చాడు:
పేరు, పడవ నంబరు, వెళ్ళిన రోజు, తిరిగొచ్చిన రోజు.
"ఏదో ఒక వరుసలో పెట్టు, మార్యున్" అన్నాడు.

ఏదో ఒకటి అంటే యంత్రానికి కుదరదు.
దానికి ఒక గడి చూపించాలి.
ఆ గడి తప్ప మనిషిలో ఇంకేమీ చూడదది.

పేరు చూపించాను.
నెత్తిమీద చిన్న గీత ఉన్న పాపానికి
ఆస్‌ముండ్ వెళ్ళి జకారియాస్ వెనక నిలబడ్డాడు,
మా బడిలో అది రెండో అక్షరం!
పడవ నంబరు చూపిస్తే
తొమ్మిదిని తోసుకుని పది ముందు కూర్చుంది.
అంకెని అక్షరంగా చదివితే అంతే మరి.
హానుస్ నవ్వి, మోకాలి మీద కాఫీ ఒలకబోసుకున్నాడు.

చివరికి, తిరిగొచ్చిన రోజు.
అరవై మూడు గడులు ఖాళీ.

ఖాళీలు ముందా, వెనకా?
యంత్రం నన్నడిగింది, నేను ఆయన్నడిగాను.
ఆవిరి పట్టిన అద్దం తుడుస్తూ,
"అడుగున పెడితే అంతదాకా ఎవరు దిగుతారే?"
ఒక్క మాట మార్చాను.
అరవై ముగ్గురూ పైకి తేలారు.

అందరిదీ ఒకే ఖాళీ.
ఎవరు ముందో చెప్పడానికి యంత్రం దగ్గర ఏమీ లేదు.
సమానులని కదపదు ఈ పద్ధతి,
వచ్చినవాళ్ళని వచ్చినట్టే ఉంచుతుంది.
సాకారిస్, కింద దాన్యాల్, కింద మళ్ళీ ఒక సాకారిస్.

"వీళ్ళు వరుసకి ఏమవుతారు?"
"తండ్రి, అల్లుడు, చిన్న కొడుకు. ఒకటే గుమ్మం.
పోస్టాఫీసు బిల్లా ఇల్లిల్లూ తిరిగి రాసిన కార్డులు కదా,
ఆవిడ తలుపు తట్టిన క్రమం ఇది.
నేను దాన్ని చెడగొట్టలేదు."

ఏ గడిలోనూ రాయని వీధి
తెర మీద మెట్లు మెట్లుగా రేవులోకి దిగుతోంది.

ముప్ఫయ్యో పేరుకీ ముప్ఫయ్యొకటో పేరుకీ మధ్య
హానుస్ వేలు ఆగింది.
"ఇక్కడ మా ఇల్లు."
నాకేమీ కనబడలేదు.
"మా నాన్న వచ్చాడుగా. కిందెక్కడో ఉంటాడు, తారీఖుతో."

కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
కళ్ళజోడు మార్చుకున్నాడు.
ఇక ఆ ఒక్క వేలితోనే
దిగడం మొదలుపెట్టాడు, ఒక్కో వరుసా.